ఇంటికిని బాలాలయము వలయును

(కుంభాభిషేక మహోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



మన చిలమత్తూరు ఆలయమునకు జీర్ణోద్ధారము నెరవేరి, శిఖర కలశములకు కుంభాభిషేకము జరుగుచున్న ఈ శుభసమయమున, గుడిని గూర్చి పెద్దలనేకులు ముచ్చటించిరి. నేను గుడి చుట్టునుండు ఇండ్లను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని. పాతపేటలలో కొద్దిపాటి అద్దెకు సామాన్యులు కాపురముండు ఇండ్లవి. స్వామికి నీడ బాగుపడినది. స్వామి నీడన బ్రతుకువారి ఇంటికప్పు మాటేమని ఈ సంచికను చదువు ప్రతివారును ఒక్కమారు ఆలోచింపవలెను.

ఇందుకు మన సీమలోనే తగిన ఉదాహరణము కలదు. అది తాడిపత్రి. నందికొండల ప్రాంతమున పుట్టిన ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, పొరుగుననున్న హిందూపురము చెంత ఆంధ్రదేశమున ప్రవేశించి, ఉత్తరముగా సాగి, పిదప తూర్పునకు మరలి తాడిపత్రిని చేరును. ఆ నది మొత్తము నడక 597 కిలోమీటర్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు వేరై, మనము శ్రీ సత్యసాయి జిల్లాలోను, తాడిపత్రి అనంతపురము జిల్లాలోను ఉన్నను, ఉభయులమును పెన్న పరీవాహకములోని వారమే. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ కరవునేలలో నది యనగా ఏడాది పొడుగున పారునది కాదు. వేసవిలో ఇసుకలో చెలమ త్రవ్వినచో ఊరు నీరే మనకు నది.

ఆ నది దక్షిణపు గట్టున బుగ్గ రామలింగేశ్వరస్వామియు, ఊరిలో చింతల వేంకటరమణస్వామియు వెలసియున్నారు. విజయనగర ప్రభువుల కాలమున, గండికోట సీమనేలిన నాయకుల పోషణలో ఈ ఆలయములు రూపొందినవి. బుగ్గ యనగా ఊట. లింగము చెంత నీరూరుటచే స్వామికి ఆ పేరు కలిగినది. ఆ గుడి గోపురములు అసంపూర్ణముగా నిలిచియున్నను, వాని శిల్పమును 19వ శతాబ్దమున ఫెర్గుసన్ అను స్కాట్లండు పండితుడు కొనియాడెను. చింతల వేంకటరమణుని సన్నిధిలో రథాకారమున మలచిన గరుడ మండపము కలదు. చూడవచ్చిన యాత్రికులు ఇంతవరకు చూచి వెడలిపోవుదురు. ఆ పాత వీధులలో ఎవరు కాపురమున్నారో, ఎట్లుండగలుగుచున్నారో చూచువారు తక్కువ.

ఈ రెండు ఆలయములును కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనివి. 1958 నాటి పురాతన కట్టడముల చట్టమునకు 2010లో చేసిన సవరణ ననుసరించి, రక్షిత కట్టడపు హద్దు నుండి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతము. ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతము. నిషిద్ధ ప్రాంతమున క్రొత్త కట్టడము కట్టరాదు. 1992 జూన్ 16కు పూర్వమునుండి ఉన్న ఇంటికి మరమ్మతు చేసికొనవలెనన్నను అనుమతి కావలెను. మనకు దగ్గరనున్న లేపాక్షిలోను ఇదే చట్టము. ఇంటివారికి ఇది ఇబ్బందియే. అయినను దీనికి మరియొక ముఖము కలదు. అంతస్తులు లేపుటకు వీలులేని చోట స్థలమునకై పోటీ తగ్గును. పోటీ తగ్గినచోట బీదవానికి అద్దె ఇల్లు దొరకును. గుడికి నడచివచ్చు దూరమున సామాన్యుడు నిలువగలుగుటకు ఇదియు నొక కారణము.

వేదాధ్యయనము ముగించిన తొలినాళ్ళలో నేనును ఆ ఊరి పాతవీధిలో ఒక చిన్న భాగమున కొన్నేండ్లు అద్దెకుంటిని. ముందు అరుగు, లోపల పడసాల, చీకటి వంటయిల్లు, వెలుతురుకు మిద్దెలో ఒక గవాక్షి. ప్రక్క భాగమున నాపబండల పనికి పోవు కుటుంబము. ఎదుట విశ్రాంతి పొందిన ఉపాధ్యాయుడు. ఒక గోడకు అటునిటు రెండు సంసారములు. ఒకరింట జ్వరమైన రెండవవారింట కషాయము కాగెడిది. సంత, బడి, వైద్యుడు, గుడి, అన్నియు కాలినడకనే. అద్దె కొద్దిగనుండుటచే మిగిలిన పైకము పిల్లల చదువునకు పనికివచ్చెడిది.

అట్టి ఇండ్లు వాటంతట అవి నిలువవు. మన ప్రాంతపు మట్టిమిద్దెకు దూలములు, దంతెలు పరచి, పైన మన్నువేసి, ఆపైన చౌడు మన్ను కప్పుదురు. వాన తగులగానే చౌడు మెత్తబడి సందులు మూసికొనును గనుక నీరు దిగదు. ఏటేట తొలకరికి ముందు ఆ పని జరుగవలెను. పాతపొరను గీచివేయక పొరపై పొర పోసినచో బరువునకు దూలము వంగును. మట్టిగోడకు సిమెంటు పూసినచో లోని చెమ్మ బయటికి పోలేక గోడ లోలోపల గుల్లయగును. గానుగ సున్నము పూసిన గోడ ఆరుచుండును. ఇంటి పునాది చుట్టు నీరు నిలువకుండ జాగ్రత్తపడవలెను. నదీతీర నివాసమన్నచో ఇది మరింత ముఖ్యము. ఎండిన నది అని ఏమరియుండరాదు. 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రి నీరు కర్నూలు పాతబస్తీని ముంచెత్తుట మన తరము కన్నులార చూచినది. కనుక పాతపేటలో ఇల్లు చూచుకొనువారు అద్దెతోపాటు, వరద ఎంతవరకు వచ్చెనో ఆ వీధి వృద్ధులను తప్పక విచారింపవలెను.

ఇప్పుడు అసలు చిక్కు. అద్దె తక్కువగనుక మరమ్మతునకు యజమాని చేతిలో పైకముండదు. మరమ్మతు చేసినచో అద్దె పెంచక తప్పదనును. నేనున్న వీధిలో స్వామికి పూలు గ్రుచ్చి యిచ్చు అవ్వ యొకతె యుండెను. ఆమె భాగమున దూలము బీటవారినది. యజమాని దుర్మార్గుడు కాడు. ప్రాణహాని కలుగునని భయపడి ఖాళీ చేయుమనెను. నాలుగు నెలలలో మిద్దె బాగుపడినది. అద్దె మాత్రము ఆమెకు అందనంత పెరిగినది. అవ్వ ఊరిచివరకు పోయెను. రెండు వీధులు దాటి దినమును వచ్చు పూలదండ అంతదూరమునుండి రాలేకపోయినది.

ఆనాటినుండి నా మనస్సున ఒక విషయము నిలిచినది. ఆలయ జీర్ణోద్ధారమునకు ముందు మేమేమి చేయుదుము? కళాకర్షణము చేసి మూలమూర్తి శక్తిని కుంభమున నిలిపి, బాలాలయమున ఆవాహన చేయుదుము. అచ్చట నిత్యపూజ ఒక్కపూటయు ఆగదు. పని ముగియగానే ఆ శక్తిని మరల స్వస్థానమున నిలుపుదుము. గోపురమెంత అందముగ తీర్చినను స్వామి తిరిగి గర్భగుడి చేరనంతవరకు జీర్ణోద్ధారము ముగిసినట్లు కాదు. ఇంటి విషయమున ఈ నియమమును మనమేల మరచుచున్నాము? గోడలు బాగుపడి, ఉన్నవాడు తిరిగి రాకపోయినచో దానిని ఇల్లు బాగుచేయుట యని ఎట్లందుము?

కావున మూడు విన్నపములు. గుడివీధులలో ఇండ్లుగల యజమానులారా! వీలైనంతవరకు ఒక భాగము తరువాత ఒక భాగముగ మరమ్మతు చేయింపుడు. ఖాళీ చేయింపక తప్పనిచో, తిరిగి వచ్చు దినమును, అప్పటి అద్దెను ముందుగనే కాగితముపై వ్రాసియిండు. అద్దెకున్నవారలారా! చౌడు మన్ను పరచుట, చూరునీరు మళ్ళించుట వంటి చిన్న పనులను ఇంటివానిపై నెట్టక చేతనైనంత మీరును చేయుడు. దాతలారా! మీరిచ్చిన ద్రవ్యముతో రాతిపని జరిగినది. ఇకపై ఇచ్చుదానిలో కొంత, గుడి చుట్టునున్న పాత ఇండ్ల దూలములకును, మిద్దెలకును కేటాయింపుడు. ఉన్నవారినే తిరిగి చేర్చుకొందుమని మాట యిచ్చిన యజమానికే ఆ సాయము చెందునట్లు చూడుడు. యజమానికి భారము తగ్గును, అద్దె అందుబాటులో నిలుచును.

తెల్లవారుజామున గంట మ్రోగునప్పుడు నడచివచ్చు నలుగురు చుట్టుప్రక్కల లేకున్నచో, ఎంత గొప్ప ఆలయమైనను చూచిపోవు కట్టడముగనే మిగులును. స్వామిని స్వస్థానమునకు చేర్చిన మీ చేతులే స్వామి ఇరుగుపొరుగువారిని కూడ వారి ఇండ్లలో నిలుపుగాక. మీకును, మీ కుటుంబములకును ఆయురారోగ్యైశ్వర్యములు కలుగుగాక.

శుభం భూయాత్.