నామకరణము – లోకాపవాదు

(లాలాపేటలో జరిగిన సత్సంగంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



నామకరణ సంస్కారం గురించి నాలుగు మాటలు చెప్పవలసినదిగా నిర్వాహకులు నన్ను కోరారు. అందులోని మంత్రభాగం మీ పురోహితులు చేయించేదే. పళ్ళెంలో బియ్యం పోసి బంగారపు ఉంగరంతో అక్షరాలు వ్రాయించడం, శిశువు కుడిచెవిలో ముమ్మారు ఆ పేరు చెప్పడం మీరందరూ చూసినవే. వాటి జోలికి నేను పోను. ఈ మధ్య కొన్నేళ్లుగా నా వద్దకు వచ్చే దంపతులు అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. పేరు బాగున్నది, అర్థం బాగున్నది, అక్షరం నక్షత్రపాదానికి సరిపోయినది. కాని ఆ పేరు వినగానే లోకానికి మరేదో స్ఫురిస్తున్నది. అటువంటి పేరు పెట్టవచ్చునా, కూడదా? దీనికి గృహ్యసూత్రాలలో సూటియైన సమాధానం దొరకదు. అందుచేత ఇక్కడ విచారిద్దాం.

శాస్త్రం చెప్పినది స్థూలంగా ఇది. పేరులో మొదటి అక్షరం ఘోషవర్ణం కావాలని, నడుమ అంతస్థం ఉండాలని, మగవారికి సరిసంఖ్యలోను ఆడవారికి బేసిసంఖ్యలోను అక్షరాలుండాలని ఆశ్వలాయనుడు విధించాడు. ఆడపిల్ల పేరు సుఖంగా పలకదగినదై, క్రూరమైన అర్థం లేనిదై, మనోహరమై, మంగళకరమై, దీర్ఘాంతమై, ఆశీర్వాదం ధ్వనించేదై ఉండాలని మనువు రెండవ అధ్యాయంలో చెప్పాడు. ఆ మనువే మూడవ అధ్యాయంలో నక్షత్రాల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు గల కన్యను వివాహమాడవద్దన్నాడు. మరి మన తెలుగు ఇళ్ళలో రోహిణులు, రేవతులు, తులసమ్మలు, గోదావరులు, కృష్ణవేణులు ఎందరు లేరు? బేసి అక్షరాల నియమం సంగతి సరేసరి. సీత, రాధ, గంగ, లక్ష్మి, అన్నీ రెండక్షరాలవే. పాఠంలో ఈ చోటికి వచ్చినప్పుడు మా గురువుగారు చిరునవ్వు నవ్వి ముందుకు సాగిపోయేవారు. విధి విధిగానే ఉన్నది, శిష్టాచారం తన దారిన తాను నడిచినది.

మరొక సంగతి చాలామంది మరచిపోతున్నారు. సంప్రదాయం ప్రకారం శిశువుకు ఇచ్చేది ఒక్క పేరు కాదు, నాలుగు: దేవతానామం, మాసనామం, నక్షత్రనామం, వ్యావహారికనామం. లోకం ఎరిగినది, బడిలోను కచేరీలోను పిలిచేది ఈ చివరిదే. లోకాపవాదు అంటుకునేది దానికే.

మన పెద్దలు లోకాపవాదుకు జంకి పేర్లు మానుకున్నారని కొందరు అనుకుంటారు. నిజానికి వారు కోరి కోరి చెడ్డ మాటనే పేరుగా పెట్టిన సందర్భాలు లేకపోలేదు. పుట్టిన పిల్లలు వరుసగా దక్కకపోతే, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, ‘దొరికిన బిడ్డ’ అని తిరిగి ఎత్తుకుని, పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవారు. పిచ్చయ్య, పుల్లయ్య, కుప్పయ్య అన్న పేర్ల వెనుక కూడా ఇటువంటి కథలే చెబుతారు. మృత్యువు కూడా ఏవగించుకుని వదిలిపెట్టాలన్నది ఆ తల్లుల ఆశ. లోకం నవ్వినా సరే, బిడ్డ బ్రతికితే చాలునన్న ప్రేమ ఆ పేరులో ఉన్నది. ఇటువంటి పేరు గల తాతగారిని గురించి చెప్పడానికి మనుమలు బిడియపడడం నేను చూశాను. పత్రికలలో వేసే శుభలేఖలో ఆ పేరును పొడి అక్షరాలకు కుదించినవారినీ చూశాను. అది నాకు సమ్మతం కాదు. ఆ పేరు పెట్టిన ముత్తవ్వ ఎంతమందిని మట్టిపాలు చేసి ఆ ఒక్కరిని దక్కించుకున్నదో తెలిస్తే బిడియం ఉండదు.

కొన్ని పేర్లను మాత్రం మనం ఎన్నడూ ముట్టుకోలేదు. కైకేయి, శూర్పణఖ, దుశ్శాసనుడు. 1977లో వచ్చిన ‘దాన వీర శూర కర్ణ’ చలనచిత్రంలో సుయోధనుడికి ఊరూవాడా చప్పట్లు కొట్టినది గాని, మర్నాడు ఎవరూ తమ కొడుకుకు ఆ పేరు పెట్టలేదు. పాపం చేసినవాడి పేరు పాపంతోపాటే పోయినది. ఇది న్యాయమే. నాకు అన్యాయమనిపించేది విభీషణుడి సంగతి. ఆయన ధర్మాత్ముడు, శరణాగతికి ఉదాహరణ, ఏడుగురు చిరంజీవులలో ఒకడు. అయినా ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్న ఒక్క సామెత చాలినది. నలభై యేళ్ళకు పైగా నామకరణాలకు వెళ్తున్నాను, ఒక్క విభీషణుడికీ బియ్యంలో పేరు వ్రాయించలేదు. రాముడు అక్కున చేర్చుకున్నవాడిని లోకుల మాట వెలివేసినది.

కాలం ఏ పేరును ఎటు త్రిప్పుతుందో చెప్పలేము. మన తార్నాకనే చూడండి. ముళ్లతీగ కట్టిన నాకా ఉండడం వల్ల ఆ పేరు వచ్చినదని పెద్దలు చెబుతారు. నేడు అక్కడ బస్సు దిగేవారికి ముళ్లతీగ గుర్తుకు వస్తుందా? విశ్వవిద్యాలయాన్ని జామియా అంటారు. ఆ జామియా ఉస్మానియా రైల్వే స్టేషను బోర్డు మీదికి వచ్చేసరికి జామై ఉస్మానియా అయినది. హిందీ తెలిసినవారికి అది ‘ఉస్మానియా అల్లుడు’ అని వినిపిస్తుంది! అల్లుడుగారికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, రైళ్లు ఆగుతూనే ఉన్నాయి.

1979లో అమెరికా వారి స్కైలాబ్ నెత్తిన పడుతుందని మన పల్లెలు ఎంతగా వణికిపోయాయో నాకు బాగా జ్ఞాపకం. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోను, ఆస్ట్రేలియా పడమటి ప్రాంతంలోను పడిపోయినది. ఆ రోజులలో పుట్టిన కొందరు మగపిల్లలకు స్కైలాబ్ అనే పేరు పెట్టారు. ఆ పేరుతోనే తెలంగాణ ప్రజాజీవితంలోకి వచ్చినవారూ ఉన్నారు. భయం పోయినది, వింత మిగిలినది. కాని 2020 ఏప్రిల్‌లో కడప జిల్లా వేంపల్లెలో పుట్టిన ఇద్దరు శిశువులకు కరోనా కుమార్, కరోనా కుమారి అని పేర్లు పెట్టినట్లు పత్రికలలో చదివినప్పుడు నా మనస్సు ఒప్పుకోలేదు. స్కైలాబ్ ఎవరినీ పొట్టన పెట్టుకోలేదు. ఆ వ్యాధి మన వీధులలోనే ఎన్ని ఇళ్ళ దీపాలార్పినదో మనకు తెలుసు. ఆ మాటకు ఆ రోగం తప్ప మన నోట మరొక అర్థం లేదు. పిల్లవాడు పెద్దవాడై చెప్పుకోవడానికి దానిలో దాగిన మంచి ఏదీ లేదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచినది ఒక ఆడపిల్ల పేరు గురించి.

2019 నవంబరు 27 రాత్రి మన నగర శివారులో, శంషాబాదు దగ్గర, ఒక యువ పశువైద్యురాలికి జరిగిన ఘోరం మీకెవరికీ క్రొత్తగా చెప్పనక్కరలేదు. అటువంటి నేరంలో బాధితురాలి పేరు ప్రకటించడాన్ని చట్టం నిషేధిస్తున్నది. అప్పటి శిక్షాస్మృతిలో అది 228-ఎ సెక్షను, ఇప్పటి న్యాయసంహితలో 72వ సెక్షను. అందుచేత ఆమెను ‘దిశ’ అని వ్యవహరించవలసినదిగా సైబరాబాదు పోలీసు కమిషనరు కోరారు. ఆ డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే పేరుతో బిల్లును ఆమోదించినది. 2020 ఫిబ్రవరి 8న రాజమహేంద్రవరంలో మొదటి దిశ పోలీసు స్టేషను తెరిచారు. ఇట్లా కొద్ది నెలలలోనే ఒక చక్కని సంస్కృతపదం నేరవార్తల శీర్షికలలోను, ఠాణా బోర్డు మీదను కనబడే మాట అయిపోయినది.

కొంతకాలం క్రిందట విశ్వవిద్యాలయ ప్రాంగణం ప్రక్క వీధి నుంచి ఒక కుటుంబం మా ఇంటికి వచ్చినది. ఆడశిశువు పూర్వాభాద్ర నాలుగవ పాదంలో పుట్టినది. ఆ పాదానికి ‘ది’ అక్షరం. తల్లి దిశ అని పెట్టాలంటున్నది. నాయనమ్మ వద్దంటున్నది. కుర్రవాడు ఎటూ చెప్పలేక, తెచ్చిన పండ్లను పళ్ళెంలో సర్దుతూ కూర్చున్నాడు.

“పంతులుగారూ, ఆ పేరు వింటే నా గుండె ఝల్లుమంటుంది. దీప్తి అని పెట్టవచ్చు, దీపిక అని పెట్టవచ్చు. ఏరికోరి ఆ పేరే ఎందుకు? రేపు సాయంత్రం పిల్లను వీధిలోకి కేకేసి పిలిస్తే, విన్నవాళ్ళందరికీ ఆ రాత్రే గుర్తొస్తుంది. అది మంగళమా?” అన్నది ఆమె.

కోడలు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అన్నది: “ఆ ఏడు నేను ఇక్కడే హాస్టల్లో ఉండి చదువుకుంటున్నానండీ. ఆ వారమంతా చీకటి పడితే గేటు దాటడానికి భయపడ్డాం. కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. అత్తయ్యా, ఆమె సొంత పేరు ఎవరూ పలకడానికి లేదు. ఇచ్చిన ఈ పేరు కూడా చెడ్డదని మానేస్తే ఇక ఆమెకు మిగిలేదేమిటి?”

నా చదువులో ఉన్నది నేను చెప్పాను. దిశ్ ధాతువుకు ఇచ్చుట అని ధాతుపాఠంలో అర్థం. ఉపదేశం, ఆదేశం, దేశం, అన్నీ దాని సంతానమే. దిశ్ శబ్దం హలంతం. అటువంటి పదాలకు ఆకారం చేర్చవచ్చునన్న భాగురి మతానికి వాచా, నిశా, దిశా అనేవే ఉదాహరణలుగా చెబుతారు. అష్టమూర్తియైన రుద్రుని పత్నుల పేర్లను విష్ణుపురాణం చెప్పినచోట స్వాహాదేవి, రోహిణిల వరుసలో దిశలున్నారు. పదానికి ఏ లోపమూ లేదు.

నాయనమ్మ అడిగినది పదం గురించి కాదని నాకు తెలుసు. అమంగళం గురించి. అమంగళం ఎవరిది? పంచకన్యల పేర్లు ప్రాతఃకాలంలో తలచుకోవాలని మన పెద్దలు నేర్పారు. అహల్య, ద్రౌపది, సీత, తార, మండోదరి. కొందరు సీతకు బదులు కుంతిని చెబుతారు. వీరిలో సుఖపడినవారెవరు? ఒకరు మోసపోయి శిల అయినది, ఒకరిని నిండుసభలోకి జుట్టు పట్టి ఈడ్చుకువచ్చారు, ఒకరిని దొంగిలించుకుపోయారు. అయినా వీరిని తలిస్తే పాపం పోతుందన్నారు గాని, వీరి పేరెత్తితే కీడు మూడుతుందని అనలేదు. దుశ్శాసనుడి పేరు పోయినది, ద్రౌపది పేరు నిలిచినది. 2022 జూలై 25న ఆ పేరు గల తల్లి రాష్ట్రపతి పీఠాన్ని అధిష్ఠించినది. సీత పేరు పెడితే సీత కష్టాలు వస్తాయని భయపెట్టేవారు ఎప్పుడూ ఉన్నారు. ఆ భయానికి లొంగితే తెలుగునాట ఒక్క సీతమ్మ, ఒక్క జానకమ్మ ఉండేది కాదు. అమంగళం ఆ నలుగురు చేసిన పనిది. దానిని తీసుకువచ్చి బాధపడిన పిల్ల పేరుకు అంటగట్టడం ధర్మం కాదు.

ఇంతవరకు చెప్పి, తల్లిని ఒక మాట అడిగాను. “అమ్మా, మూడేళ్ళ పిల్లకు ఇదేమీ తెలియదు. పదేళ్ళు దాటాక బడిలో ఎవరో అంటారు, లేకపోతే ఫోనులో తన పేరు తానే వెతికి చూసుకుంటుంది. ఆ రోజు ఏడుస్తూ వస్తే కూర్చోబెట్టి చెప్పగలవా? నీ బాధను మోయడానికి ఆ పిల్లకు ఈ పేరు పెడుతున్నావా, వెలుగు కోసం పెడుతున్నావా?” ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. అది నాకు నచ్చినది.

నాయనమ్మ భయాన్ని నేను మూఢత్వమనలేదు. ఈ ఊరిలో ఆడపిల్లలను పెంచినవారి భయం అది. పైగా రోజులో పిల్లను ఎక్కువసార్లు పిలిచేది ఆవిడే. పిలిచేవారు నోరారా పిలవలేని పేరు ఎంత గొప్పదైనా ఆ ఇంటికి తగదు. అందుచేత తొందరపడవద్దన్నాను. పదకొండవ రోజు దాటితే ఇరవై ఒకటవ రోజున్నది. చట్టం కూడా తొందరపెట్టడం లేదు. పేరు లేకుండానే జననం నమోదు చేయించవచ్చు. పన్నెండు నెలలలోగా రుసుము లేకుండా పేరు చేర్చవచ్చు, ఆ తరువాత పదిహేనేళ్ళ వరకు ఆలస్య రుసుముతో చేర్చవచ్చు. మీలో చాలామంది ఆసుపత్రి వారు కాగితం చేతికివ్వగానే ఏదో ఒక పేరు వ్రాసేసి తరువాత సవరణల కోసం తిరుగుతుంటారు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

వారు లేవబోతుండగా మరొక మాట చెప్పాను. అమరకోశం దిగ్వర్గంలో దిక్కుకు ఉన్న పర్యాయపదాలలో ‘ఆశా’ అన్నది ఒకటి. దిశ అన్నా ఆశ అన్నా అక్కడ ఒకటే.

ఇరవై ఒకటవ రోజున నన్నే పిలిచారు. తండ్రి బియ్యంలో ‘దిశ’ అని వ్రాశాడు, పిల్ల చెవిలో చెప్పాడు. నాయనమ్మ ఆ పళ్ళెం వంక చూసి, “మా ఇంట్లో మటుకు ఆశమ్మ అనే పిలుచుకుంటాం, తప్పు లేదు కదా?” అని అడిగినది. లేదన్నాను. అప్పుడు ఆమె పిల్లను చేతిలోకి తీసుకున్నది.

స్వస్తి.