అతుకు నిలవాలంటే ఏ ఫ్లక్సు వాడాలి?

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను కరెంటు పని చేసేవాణ్ణి, ఉపన్యాసాలు నాకు అలవాటు లేదు. అందుకే నాకు తెలిసిన ఒక్క విషయం చెబుతాను. అది రెండు తీగలను కలిపే అతుకు గురించి.

మన పావగడ తాలూకాలో ఇది చిన్న విషయం కాదు. తిరుమణి చుట్టుపక్కల అయిదు గ్రామాల్లో, రైతులు కౌలుకిచ్చిన సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసింది. 2018లో అక్కడ ఉత్పత్తి మొదలైంది. సిలికాన్ పలకల్లో ఒక బిళ్లను పక్క బిళ్లతో కలిపేది సోల్డరు పూసిన సన్నని రాగి పట్టీయే. అతుకు పని తెలిసిన పిల్లలకు ఇక్కడా, బయటా బతుకుతెరువు ఉంది.

సోల్డరు అంటే మన టంకమే. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న తీగ సుమారు 190 డిగ్రీల సెల్సియస్‌కు పూర్తిగా కరుగుతుంది. 63, 37 పాళ్లది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గట్టిపడుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి అది సులువు. సీసం ఆరోగ్యానికి హాని గనుక యూరప్ దేశాలు 2006 జూలై 1 నుండి చాలా ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాని వాడకాన్ని కట్టడి చేశాయి. సీసం లేని తగరం, వెండి, రాగి మిశ్రమం కరగడానికి దాదాపు 220 డిగ్రీల వేడి కావాలి. ఫ్యాక్టరీ ఉద్యోగాలకు వెళ్లేవారు దీన్నీ నేర్చుకోవాలి.

ఇక ఫ్లక్సు సంగతి. పెద్దలకు కళాయి పోసేవారు గుర్తుండే ఉంటారు. గిన్నెను కాల్చి, నవాసారం చల్లి, తగరం రుద్దేవారు. లోహం మీది ఆక్సైడు పొరను నవాసారం తొలగిస్తేనే తగరం పట్టేది. తీగ విషయంలో ఆ పని చేసేది ఫ్లక్సు.

కానీ ఒక తేడా ఉంది. కళాయి అయ్యాక గిన్నెను కడుగుతాం. తీగ పోగుల మధ్య దూరిన ఫ్లక్సును కడగలేం. రేకుల పనికి, పైపుల పనికి అమ్మే జింక్ క్లోరైడ్ ఫ్లక్సు అక్కడే మిగిలి, తేమతో కలిసి రాగిని మెల్లగా తినేస్తుంది. ఈ రోజు మెరిసిన అతుకుకు కొన్నాళ్లకు పచ్చ చిలుము పడుతుంది. అందుకే విద్యుత్ తీగలకు పైన్ చెట్ల బంక నుండి తీసే రోజిన్ ఫ్లక్సే వాడాలి. లోపల రోజిన్ నింపిన సోల్డరు తీగ కొంటే చాలా పనులకు వేరే డబ్బా అక్కరలేదు.

అతుకు చెడితే ఏమవుతుందో లెక్క వేయండి. అక్కడ ఓములో పదో వంతు నిరోధం ఏర్పడి, 20 ఆంపియర్ల కరెంటు పారితే 40 వాట్ల వేడి పుడుతుంది. మనం వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే. అంటే స్టార్టరు పెట్టెలో అంతకంటే పెద్ద ఐరన్ కాలుతున్నట్టే.

స్క్రూ కింద బిగించే తీగకు మాత్రం సోల్డరు పూయకండి. ఒత్తిడికి సోల్డరు క్రమంగా అణిగిపోయి స్క్రూ వదులవుతుంది. అక్కడ లగ్గు పెట్టి క్రింపింగ్ చేయాలి.

పనికి ముందు కరెంటు తీసేయండి. తీగను గీకి శుభ్రం చేసి, గట్టిగా మెలివేయండి. ఐరన్‌తో తీగను వేడి చేసి, సోల్డరును ఆ వేడి తీగకే తాకించండి. పొగ పీల్చకుండా కిటికీలు తెరవండి. పని అయ్యాక, అన్నం ముట్టే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఐటీఐలో చేరిన బిడ్డను ఇంజనీరింగ్ సీటు రాలేదని చిన్నచూపు చూడకండి. తను వేసిన అతుకు తెచ్చి చూపితే, "ఏ ఫ్లక్సు వాడావు? ఎందుకు?" అని అడగండి. కారణం చెప్పగలిగితే ఆ బిడ్డ చదువు చేతికి వచ్చినట్టే.