ఉప్పుగాలికి నిలిచే పెరడు



బాపట్ల, చీరాల ప్రాంతాల్లో సముద్రానికి కూతవేటు దూరాన ఇల్లు కట్టుకొన్నవారు తరచు చెప్పే మాట ఒకటి వున్నది. "ఏ మొక్క పెట్టినా ఆకు అంచులు మాడిపోతున్నాయండీ! రోజూ నీళ్లు పోసినా బ్రతకడం లేదు." వారి పెరట్లోకి వెళ్లి చూస్తే సంగతి తెలుస్తుంది. ఇల్లు కట్టేటప్పుడు ఇసుకదిబ్బను చదును చేశారు. దాని మీద పాకిన తీగను పిచ్చిమొక్క అని పీకివేశారు. ఆ తరువాత పచ్చిక పరచి, గులాబీలు, క్రోటన్లు నాటారు. అవి మాడితే నేల మంచిది కాదంటున్నారు. లోపం నేలది కాదు, నాటిన వరుసది. ఇటువంటి చోట సముద్రం వైపునుంచి ఇంటి వైపుకు వరుసగా నాటుకొంటూ రావాలి.

మొదటి వరుస నేలను పట్టి వుంచేది. బాలబందితీగ మీకందరికీ తెలిసినదే. ఆకు మేకగిట్టలాగా చీలి వుంటుంది, ఊదారంగు పూలు పూస్తుంది. కణుపు కణుపుకూ వేరు దిగి ఇసుకను ఎగిరిపోనివ్వదు. వాన పడ్డాక మూరెడు ముక్కలు కోసి, రెండు మూడు కణుపులు తడి ఇసుకలో కప్పితే చాలు. దిబ్బ మీద రావణాసురుని మీసాలు వుంటే వాటినీ కదల్చకండి. పిల్లలు నడిచే దారిలో మాత్రం వుంచవద్దు, ముళ్లు గుచ్చుకొంటాయి.

రెండవ వరుస పొదలది. వావిలి కొమ్మలు వానాకాలంలో మూడడుగుల కొకటి చొప్పున, రెండు సాళ్లుగా, ఎడం మార్చి గుచ్చండి. మేకలు దీని జోలికి అంతగా రావు. హద్దు వెంట చోటు వుంటే మొగలి కూడా పెట్టవచ్చును.

కొందరు, "ఈ శ్రమంతా ఎందుకు, గోడ కడితే పోదా?" అంటారు. గోడకు తగిలిన గాలి పైకి లేచి, అవతల సుడి తిరిగి మొక్కల మీదనే పడుతుంది. పొద అట్లా కాదు. కొంత గాలిని ఆపి, కొంత వడపోసి వదులుతుంది. పన్నెండడుగుల ఎత్తు దడి వెనుక సుమారు నూరడుగుల వరకు గాలి జోరు తగ్గుతుంది.

మూడవ వరుస చెట్లది. పొన్న, గంగరావి, కానుగ మన తీరానికి అలవాటైనవి. పొన్న విత్తనం పెంకు గట్టిది, కొద్దిగా పగులగొట్టి నాటితే త్వరగా మొలుస్తుంది. పెరుగుదల నెమ్మది, ఓపిక పట్టాలి. గంగరావి కొమ్మ నాటినా చిగురిస్తుంది. కానుగ ఆకు పచ్చిరొట్టగా పనికివస్తుంది. గుంత రెండడుగులు తీసి, చెరువుమట్టి, పశువుల ఎరువు కలిపి నింపండి. పెద్ద చెట్లను ఇంటికి ఇరవై అడుగుల లోపల పెట్టకండి.

సరుగుడు మాట అడుగుతారు. అది బయటినుంచి వచ్చిన చెట్టు. కలపకు, గాలికి అడ్డుగా మంచిదే. కాని రాలిన ఆకు మందంగా పేరుకొని కింద వేరే మొక్కను సులభంగా లేవనివ్వదు. పెరటికి అదొక్కటే చాలదు.

ఈ మూడు వరుసలు నిలదొక్కుకొన్న తరువాతనే మునగ, కరివేపాకు, కొబ్బరి మొదలైనవి ఇంటి దగ్గర పెట్టుకోవాలి. అప్పుడు వంటింటి నీళ్లతోనే చాలావరకు గడుస్తుంది.

ఈ నీటి సంగతే అన్నిటికన్నా ముఖ్యం. మన ఇసుకనేలల్లో దొరువు తవ్వితే కొద్ది లోతులోనే మంచినీళ్లు పడతాయి. ఆ తీపినీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ వుంటుంది. సముద్రమట్టానికి పైన ఒక్క అడుగు తీపినీరు వుంటే, కింద సుమారు 40 అడుగుల తీపినీరు వుంటుందని లెక్క. పచ్చిక కోసం రోజూ మోటారు వేసి, పైనున్న ఆ అడుగు కాస్తా తోడివేస్తే, కిందినుంచి ఉప్పు పైకి వస్తుంది. మీ బోరు ఒక్కటే కాదు, పక్కింటివారి దొరువు కూడా చెడుతుంది. బాలబందితీగ, వావిలి ఒకసారి నాటుకొన్నాక మీ నీటికోసం ఎదురుచూడవు.

చివరిగా తుపాను మాట. 1977 నవంబరు 19 తుపానును చూసిన పెద్దలు ఇంకా మన మధ్య వున్నారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలను పడగొట్టింది. పెరటి చెట్లు తుపానును ఆపుతాయని నేను చెప్పను. హెచ్చరిక రాగానే ఇల్లు విడిచి షెల్టరుకు పోవలసిందే. అయితే దిబ్బ, తీగ, పొద వున్నచోట ఏటా వీచే ఉప్పుగాలికి, ఇసుక మేటకు అడ్డు వుంటుంది. అక్టోబరు రాకముందే ఎండుకొమ్మలు, కొబ్బరి ఎండుమట్టలు తీసివేయడం మరువకండి.

తొలకరి పడగానే తీగతో మొదలుపెట్టండి. దిబ్బ ఇంకా మిగిలివున్నవారు మాత్రం దానిమీద పార వేయకండి.