కార్యకర్త చేతి ఫోను

అంగన్‌వాడీ రిజిస్టర్లు ఒకప్పుడు కేంద్రంలోని బీరువాలో ఉండేవి. తాళంచెవి కార్యకర్త కొంగున ఉండేది. 2021లో పోషణ్ ట్రాకర్ ప్రవేశించిన పిదప శిశువుల బరువులు, గర్భిణుల వివరాలు ఆమె చేతి ఫోనులోనే నమోదవుతున్నవి. 2017లో సుప్రీంకోర్టు ప్రాథమిక హక్కుగా గుర్తించిన గోప్యత ఆ గర్భిణులకు కూడా చెందినదే.

ఆ ఫోను సాయంత్రం ఇంటికి వెళుతుంది; పిల్లలు ఆటకై అడుగుతారు - ఇవ్వని తల్లి అరుదు! ఒకనాడు బస్సులో జారిపోవచ్చు. తెరకు తాళముండి, లోపలి సమాచారం సంకేతరూపంలో భద్రమై ఉన్నట్లయితే దొరికినవారికి అది వట్టి పెట్టె. ముందుగా తగిన ఏర్పాటు చేసివుంటే కార్యాలయంవారు దూరంనుండే ఆ సమాచారాన్ని చెరిపివేయగలరు. అయితే కబురు వెంటనే అందవలె. పోయిన ఫోను వెలను గౌరవ వేతనంలో కోస్తారన్న భయమున్నచోట ఆ కబురు ఆలస్యంగానే వస్తుంది.