తెలివి తెప్పించు మందు



మోటారుసైకిలు పైనుండి పడి తలకు గట్టి దెబ్బ తగిలిన మనుష్యుని గుంటూరు ఆసుపత్రికి చేర్తురు. ప్రాణము నిలుచును. నెల గడచును. కన్నులు తెరచును గాని, పిలిచిన పలుకడు. అట్టివాని బంధువులు బ్రాడీపేట మందుల షాపుల ముందు చీటి పట్టుకొని అడుగు ప్రశ్న యొక్కటే: తెలివి తెప్పించు మందు గలదా?

కొంతవరకు గలదు. దాని పేరు అమాంటడీన్. మెదడులో డోపమిన్ అను పదార్థము మెలకువకును, ధ్యాసకును తోడ్పడును. ఈ మాత్ర దాని పనిని హెచ్చించును. దీని చరిత్ర చిత్రమైనది. తొలుత ఇది ఇన్‌ఫ్లుయెంజా మందు. 1968లో అమెరికాలో వణుకుడు వ్యాధి గల యొక స్త్రీ ఆ జ్వరము రాకుండుటకై దీనిని పుచ్చుకొనగా వణుకును, బిగువును తగ్గెను. మానగానే తిరిగి వచ్చెను.

2012లో ప్రకటితమైన పరిశోధన యొకటి ముఖ్యము. దెబ్బ తగిలి 4 మొదలు 16 వారములైన 184 మందిలో కొందరికి అమాంటడీన్, కొందరికి మందులేని ఉత్త మాత్ర 4 వారములు ఇచ్చిరి. మందు పుచ్చుకొన్నవారు త్వరగా తేరుకొనిరి. కాని మందు నిలిపిన రెండు వారములకు ఉభయులును ఇంచుమించు ఒకే మెట్టున నుండిరి. నడక వేగమైనదే గాని, తుదకు చేరు చోటు మారునని ఋజువు కాలేదు. పొలమమ్మువారు ఈ మాట ముందుగా వినవలెను.

జోల్పిడెమ్ అను నిద్రమాత్రతో కొందరు మేల్కొనిరన్న వార్త వింతయే గాని అబద్ధము కాదు. అయినను 84 మందిపై పరీక్షింపగా ఫలించినది నలుగురికే.

ఇక దూలగొండి. దాని గింజలలో లెవోడోపా గలదని 1937లో మద్రాసు శాస్త్రజ్ఞులు చూపిరి. అది శరీరమున డోపమిన్‌గా మారును. అంతమాత్రమున గింజలు నూరి రోగి నోట పోయరాదు. తెలివిలేనివాడు సరిగా మ్రింగలేడు. పోసినది ఊపిరితిత్తులలోనికి జారి ప్రాణము తీయవచ్చును. అమాంటడీన్‌నైనను ఫిట్లు వచ్చువారికిని, మూత్రపిండములు చెడినవారికిని డాక్టరు జాగ్రత్తగా చూచియే యిచ్చును.

ఇంటివారు చేయదగిన పని వేరే యున్నది. రోగి పిలుపునకు చూపు త్రిప్పినను, చెప్పినట్లు వ్రేలు కదిపినను, వేళతో సహా నోటుపుస్తకమున వ్రాసి డాక్టరునకు చూపవలెను. ఉదయము కనబడిన గుర్తు ఆయన వచ్చు వేళకు కనబడకపోవచ్చును.