‘షుగరెంత?’ అని అడిగే ముందు

మన పోస్టింగ్ ఎక్కడో, అమ్మానాన్నలు ఊళ్లో. ఫోన్లో అందరం అడిగేది ఒకటే: "షుగరెంత?" నేను మా అమ్మను "ఏం తిన్నావమ్మా?" అని ముందు అడుగుతాను. ఆవిడకు 76 ఏళ్లు. ఏకాదశికి ఉపవాసం, గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం మానదు! అది వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు. పెద్దవాళ్లలో ఇదంతా వయసు మీదకు నెట్టేస్తాం. 70కి తగ్గితే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికే.

ఉపవాసం మాన్పించడం నా వల్ల కాలేదు. (మీలో ఎవరివల్లనైనా అయిందా?) సెలవులో వెళ్లి, ఆ రోజు మాత్ర సంగతేమిటో డాక్టరుగారిచేత రాయించాను. ఆ చీటీ దేవుడి గూట్లో, పంచాంగం పక్కన పెట్టాను. పక్కింటి పిన్నిగారికీ చదివి వినిపించాను.