వెల కోరని సేవ

(సమాజ సభయందు చేసిన ఉపన్యాసము)



క్రైస్తవ విశ్వాసము సంఘసేవగా ఎట్లు రూపొందినదో కొంత ముచ్చటింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను మతాచార్యుడను గాను. సచివాలయములో ఫైళ్లను పరిశీలించుట నా వృత్తి. ఫైలు బల్లపైకి వచ్చినపుడు నేను రెండు సంగతులు చూచెదను. ఏమి చేసిరి? దానికి ప్రతిగా ఏమి అడిగిరి? నేటి విషయమును గూడ ఈ రెండు ప్రశ్నలతోనే పరిశీలింప దలచితిని. భిలాయిలో కూర్చుండి ఈ ప్రశ్నలు వేసికొనుట సముచితము. ఏలయన, ఛత్తీస్‌గఢ్ ప్రాంతమున వీనికి నూటయేబది యేండ్లకు మించిన చరిత్ర కలదు. అది వివాదము లేకుండ గడచిన చరిత్ర కాదు.

లూకా సువార్తలో మంచి సమరయుని కథ కలదు. దొంగలు కొట్టి దారిప్రక్కను పడవేసిన బాటసారిని యాజకుడు చూచి తొలగిపోయెను. లేవీయుడును అట్లే పోయెను. అన్యుడని యూదులు తక్కువగా చూచు సమరయుడొకడు ఆగి, గాయములు కట్టి, వానిని పూటకూళ్లయింట చేర్చి, ఖర్చునకు సొమ్మిచ్చి, తన దారిని తాను పోయెను. ఆ కథలో నాకు మిక్కిలి నచ్చిన దేమనగా, సమరయుడు ఆ బాటసారి పేరైనను అడుగలేదు. నీవు మా గుడికి వచ్చెదవా యని యసలే అడుగలేదు. ఈ కథను చెప్పిన గురువును నమ్మినవారు దీనిని ఎంతవరకు పాటించిరి? ఇదియే మన విచారణ.

మొదట మన తెలుగునాటిని చూతము. జాన్ ఎవరెట్ క్లౌ అను అమెరికను బాప్టిస్టు బోధకుడు 1866లో ఒంగోలు చేరెను. పూర్వము ఆయన భూముల సర్వేపని నేర్చినవాడు. 1876-78 నాటి మహాక్షామమున నెల్లూరు సీమలో జనము ఆకుల కొరకును, వేరుల కొరకును తిరుగుచున్న కాలమది. అపుడు ఆయన ఊరక గంజి పోయుటతో తృప్తి చెందలేదు. ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగుహాము కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును తానే కంట్రాక్టుగా తీసికొని, వేలాది కూలీలకు పని చూపించెను. చేతికి పలుగు, సాయంకాలమునకు కూలి. తాను తినుచున్నది భిక్షము కాదు, తన చెమట ఫలమని కూలివాడు తలయెత్తి చెప్పుకొనగలిగెను. నల్లని మన్నును, ఎఱ్ఱని ఇనుమును మోసి ఈ నగరమును నిలబెట్టినవారికి ఆ భేదము నేను వివరింప నక్కరలేదు.

అయితే క్లౌ చేసిన మఱియొక పని ఇంతకంటె ముఖ్యమైనది. క్షామకాలమున మతము పుచ్చుకొందుమని జనము గుంపులుగా వచ్చిరి. సంఖ్య పెంచుకొనవలెనన్న యావ యున్నవానికి అంతకుమించిన అదను లేదు. కాని ఆయన పదునైదు మాసములు ఒక్కనికిని బాప్తిస్మ మీయలేదు. అన్నము పెట్టు చేతితో మతమిచ్చినచో ఆ మతము అన్నమునకు వెలయగునని ఆయన యెఱుగును. కూలిపనులు ముగిసి, ఇక తన చేతిలో పంచిపెట్టుట కేమియు లేనపుడే ద్వారము తెఱచెను. 1878 జూలై 3వ తేదీన ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని చరిత్రకారులు విశేషముగా వ్రాయుదురు. నా దృష్టిలో ఆ అంకెకంటె దానికి ముందటి పదునైదు మాసముల సున్నయే గొప్పది. కరవు జ్ఞాపకము వారిని కదల్పలేదని నేను చెప్పను. మనుష్యుని మనస్సు అంత తేటగా విడదీయ వీలైనది కాదు. అయినను హద్దు గీయవలెనని ఆయనకు తోచుట, గీచి నిలుచుట, రెండును నిజము.

గుంటూరు సంగతి వేరు. అన్నా కూగ్లరు అను లూథరను వైద్యురాలు 1883లో అచ్చటికి వచ్చెను. మొదట ఆమెకు అప్పగింపబడినది వైద్యము కాదు, బాలికల చదువు. పురుష వైద్యునికి నాడి చూపింపని ఘోషాయిండ్లలో స్త్రీలు ప్రసవవేదనతో మరణించుచుండగా ఆమె ఊరకుండలేకపోయెను. ఇంటింట చేసిన చికిత్సయే పెరిగి 1898లో ఆసుపత్రి యయ్యెను. తన కుటుంబమునకు జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావుగారు రోగుల బంధువులు దిగుటకు అచ్చట సత్రము కట్టించిరి. ఆయన తన మతమును విడువలేదు. ఆమె విడువుమనుటకై చికిత్సను ఆపనులేదు. ఆసుపత్రి ఒకరిది, సత్రము ఒకరిది; రోగి అందఱివాడు.

నిజామాబాదు చెంతనున్న డిచ్‌పల్లి కథయు ఇట్టిదే. ఇసబెల్ కెర్ అను స్కాట్లండు వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్, వెస్లియను మిషను పక్షమున నిజాము రాజ్యమునకు వచ్చిరి. ఊరివెలుపలికి నెట్టబడిన కుష్ఠురోగులు ఆమె ద్వారమునకు రాసాగిరి. వారికై ఒక ఆశ్రయము కట్టుటకు రాజా నర్సాగౌడు అను హిందూ దాత ధనమిచ్చెను. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి తెఱవబడినది. తరువాతి కాలమున అచ్చట తువరక తైలముతో చేసిన చికిత్స దూరప్రాంతముల వారిని ఆకర్షించినది. అంతవరకు చచ్చుటకై వచ్చు చోటు, బాగుపడి మరలిపోవు చోటుగా మారుట సామాన్య విషయము కాదు.

కుష్ఠువ్యాధి ప్రసంగము రాగానే మనము ఛత్తీస్‌గఢ్‌లోనికి వచ్చినట్లే. జర్మనుజాతీయుడగు ఆస్కార్ లోర్ 1868లో బిశ్రాంపూరున ఈ ప్రాంతపు తొలి మిషనులలో నొకదానిని నెలకొల్పెను. బైతల్‌పూరు చెంత చాంద్‌ఖురిలో 1897లో కుష్ఠురోగుల ఆశ్రయము వెలసినది. 1899లో కరవు ముంచుకొని రాగా అమెరికను మెన్నొనైటులు ధంతరి చేరి, క్షామనివారణ పనులలో పాల్గొని, అనాథ బాలబాలికలను చేరదీసిరి. అచ్చటి క్రైస్తవ ఆసుపత్రికి నేటికిని పల్లెలనుండి రోగులు వచ్చుచున్నారు. చాంపాలో పీటర్ పెన్నరు 1902లో బెతెస్దా ఆశ్రయమును ప్రారంభించెను.

వీరి పనిలో దోషములు లేకపోలేదు. ఆ కాలపు ఆశ్రయములలో స్త్రీపురుషులను వేఱు వేఱుగా నుంచుట, వ్యాధి సోకని బిడ్డలను తల్లులనుండి తీసి వేఱొక గృహమున పెంచుట నియమముగా నుండెడిది. వ్యాధి వ్యాప్తిని అరికట్టుటకే యనిరి. కాని ఆ తల్లుల దుఃఖమును ఏ వార్షిక నివేదికయు కొలువలేదు. ప్రార్థనకు హాజరగుట ఆశ్రయమునందు నిలుచుటకు షరతు అగుచున్నదను అనుమానమును అప్పుడే పుట్టినది.

ఆ అనుమానమే పెరిగి ప్రభుత్వము వఱకు వచ్చెను. 1954లో నాటి మధ్యప్రదేశ్ ప్రభుత్వము, నాగపూరు హైకోర్టు పూర్వ ప్రధాన న్యాయమూర్తి భవానీశంకర నియోగిగారి అధ్యక్షతన విచారణ సంఘమును నియమించెను. బడులు, ఆసుపత్రులు మతమార్పిడికి సాధనము లగుచున్నవని ఆ సంఘము 1956లో నివేదించినది. ఆ విచారణ ఏకపక్షముగా జరిగినదని క్రైస్తవులు ఆక్షేపించిరి. 1968లో మధ్యప్రదేశ్ శాసనసభ బలవంతముచేతను, ప్రలోభముచేతను, మోసముచేతను చేయు మతమార్పిడులను నిషేధించు చట్టము చేసినది. రాయపూరు ప్రాంతమునుండి పోయిన స్టానిస్లాస్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు 1977లో ఆ చట్టమును సమర్థించుచు, తన మతమును ప్రచారము చేయు హక్కు వేఱు, ఇతరుని మతమును మార్చు హక్కు వేఱని తీర్పు చెప్పెను. ఈ తీర్పుపై న్యాయవేత్తల వాదోపవాదములు నేటికిని ముగియలేదు. ప్రలోభమనగా నేమి? ఆకలిగొన్నవానికి అన్నము ప్రలోభమా, ధర్మమా? చట్టము ఈ ప్రశ్న వేయగలదు. ఇచ్చువాని మనస్సే సమాధానము చెప్పగలదు.

ఈ సందర్భమున సదాశివరావు గోవిందరావు కాత్రేగారిని స్మరింపక తప్పదు. ఆయన రైల్వే ఉద్యోగి. కుష్ఠువ్యాధి సోకిన పిమ్మట బైతల్‌పూరు మిషను ఆసుపత్రిలో కొంతకాలముండెను. అచ్చటి మతబోధతో ఆయన మనస్సు కలియలేదు. బయటకు వచ్చి, ఊరక నిందించుచు కూర్చుండక, 1962లో చాంపాలో భారతీయ కుష్ఠనివారక సంఘమును స్థాపించెను. ఆయన తరువాత ఆ పనిని మోసిన దామోదర్ గణేశ్ బాపట్‌గారికి 2018లో పద్మశ్రీ లభించినది. ఆలోచింపుడు! ఒకే చాంపాలో ఒక ప్రక్క బెతెస్దా, ఒక ప్రక్క కాత్రేగారి ఆశ్రమము. దేవుని గూర్చి ఏకాభిప్రాయము లేని ఇరువురు ఒకే వ్రణమును కడిగిరి. మిషనువారిపై కాత్రేగారు చేసిన విమర్శలలో గొప్పది ఆయన మాట కాదు, ఆయన పని. మిషనువారు చేసిన బోధలలో గొప్పదియు, నా యభిప్రాయమున, వారి మాట కాదు, వారి పనియే.

మన ప్రభుత్వమును ఈ విషయమున ఆలస్యముగానే మేల్కొన్నది. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో గాని రద్దు కాలేదు. కుష్ఠువ్యాధిని విడాకులకు కారణముగా చూపు వీలు 2019లో గాని తొలగలేదు. 1980 దశకమున బహుళౌషధ చికిత్స వచ్చిన పిదప వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. అయినను చట్టపుస్తకములో రోగి ముప్పది యేండ్లు దూరముగానే నిలువవలసి వచ్చినది. ఫైలుకంటె ముందుగా చేయి చాచినవారిని, వారు ఏ మతమువారైనను, నావంటి ఉద్యోగి నమస్కరింపవలసినదే.

ఇక మన సంగతి. 1959లో ఇచ్చట తొలి కొలిమి వెలిగిన నాటినుండి ఎందఱో తెలుగువారు ఈ నేలకు వచ్చిరి. ఇచ్చటి సెక్టారులలో గుడి, చర్చి, మసీదు, గురుద్వారా చేరువచేరువనే కలవు. మన సమాజములోను హిందువులు కలరు, క్రైస్తవులు కలరు, మహమ్మదీయులు కలరు. ఉగాదికిని, క్రిస్మసునకును మనము ఒకరి యింట ఒకరు భోజనము చేయుదుము. సంతోషము. కాని అది సేవ కాదు, స్నేహము. సేవ మన గుమ్మము దాటిన తరువాత మొదలగును.

శ్రీకాకుళమునుండి కంట్రాక్టు పనికి వచ్చి, హిందీ రాక, ఆసుపత్రి వరండాలో చీటీ పట్టుకొని నిలువబడిన కూలివానికి ఆ చీటీ చదివి చెప్పువారెవరు? పిల్లలు దూరదేశములకు పోగా ఒంటరియైన పదవీవిరమణ పొందిన పెద్దలకు వారమున కొకసారి తలుపు తట్టువారెవరు? మన సమాజము ఇందుకు పూనుకొనవలెనని నా మనవి. దానికి నిధి కంటె వంతుల పట్టిక ముఖ్యము. ఒక నియమమును గూడ చేర్చుకొనుడు: సాయము పొందినవాని పేరుగాని ఛాయాచిత్రముగాని మన సంచికలో వేయరాదు. కృతజ్ఞతయు ఒక విధమైన వెలయే. దానిని గూడ అడుగకుండ ఇచ్చుట అభ్యసింతము.

2021లో కరోనా మహమ్మారి ఉధృతముగా నున్న దినములలో భిలాయి కర్మాగారమునుండి ప్రాణవాయువు నింపిన ట్యాంకర్లు ఎన్నియో ఆసుపత్రులకు పోయినవి. ఉక్కు కరగించుటకు వాడు వాయువు ఊపిరి నిలుపుటకు పోయినది. ఇచ్చట దానిని నింపిన కార్మికుడు అచ్చట పీల్చినవాని కులమును, మతమును, భాషను ఎఱుగడు. పీల్చినవాడు ఈ కార్మికుని పేరెఱుగడు. సమరయుని కథను సువార్తలో చదువని వారును ఈ నగరమున ఆ కథను నడిపిరి. క్రైస్తవ సోదరులు దీనిని క్రీస్తు మార్గమందురు, హిందువులు నిష్కామకర్మ మందురు. పేరు ఏదైనను సరియే. బదులు అడుగకుండుటయే దాని గుర్తు.